పంటి తేమ నిర్ధారణ కమిటీ

ఎక్కడో ఓ ఊళ్ళో, ఎవరిదో అతికించిన పన్ను, పెళ్ళి భోజనంలో ఊడి గుమ్మడికాయ పులుసులో పడింది. పడిన పన్ను ఊరుకుంది గాని దాని యజమాని ఊరుకోలేదు. ఆయన పెట్టిన ఫిర్యాదు మెట్లెక్కి మెట్లెక్కి ఆరోగ్యశాఖ నెత్తిన కూర్చుంది. శాఖ ఆలోచించింది. జిగురు ఎందుకు ఊడుతుంది? తడి మీద పూస్తే ఊడుతుంది. చెప్పులు అతికించేవాణ్ణి అడగండి, కవరుకి గమ్ము రాసే గుమాస్తాని అడగండి, అదే చెబుతారు. పళ్ళ డాక్టర్లని మాత్రం ఎవరూ అడగలేదు. వాళ్ళు ఈ విషయంలో స్వార్థపరులు కదా మరి!

అలా పుట్టింది దంత అతుకు పూర్వ ధ్రువీకరణ పత్రం. అందులో నాలుగో అంశం ఇలా ఉంటుంది: ‘జిగురు పూయుటకు ముందు పంటి ఉపరితల స్థితి: తడి / పొడి. వర్తించనిది కొట్టివేయవలెను.’ తడి అయితే పని ఆపెయ్యాలి. పొడి అయితే సాక్షి సంతకం చెయ్యాలి. నేరెళ్ళవలస ఏరియా ఆసుపత్రిలో సాక్షి అంటే హెడ్ గుమాస్తా. ఆయన కుర్చీ పక్కన నిలబడి, పంటి మీద గాలి గొట్టం నిమిషంపాటు కొట్టించి, పన్ను సుద్దముక్కలా తెల్లబడ్డాక జేబులోంచి పెన్ను తీస్తాడు.

అక్కడి పళ్ళ డాక్టరు వకుళ ఎనిమిది నెలలుగా ఈ ఫారం నింపుతోంది. ఎనిమిది నెలల్లో అరవై ఒక్క పళ్ళు అతికించింది. అరవై ఒక్కటీ ఊడాయి. జనం ఆ ముక్కల్ని కాగితం పొట్లాల్లో తెచ్చి బల్ల మీద పెట్టి, "మీవేనమ్మా, చూసుకోండి" అని మర్యాదగా చెప్పి వెళ్ళేవారు. తిట్టినా బాగుండేదనిపించేది వకుళకి. సిగ్గుతో బజారుకి వెళ్ళడం మానేసింది.

ఆ సోమవారం పొద్దున పొన్నాడ అప్పలనరసయ్య వచ్చాడు. సన్నాయి వాయిస్తాడు. పై వరస ముందుపన్ను సగానికి విరిగింది. విరగ్గొట్టింది పరాయివాడు కాదు, పక్కన డోలు వాయించే సొంత బావమరిదే. తాళి కట్టే వేళ "గట్టిమేళం!" అని పురోహితుడు అరిచేసరికి కుర్రతనం కొద్దీ కర్ర కాస్త ఎక్కువ ఊపాడట.

"శుక్రవారం పదిగంటలకి కొండ మీద దేవస్థానంలో పరీక్షమ్మా" అన్నాడు అప్పలనరసయ్య. "ఆస్థానం సన్నాయి ఉద్యోగం. పద్దెనిమిదేళ్ళకి ఒక్క కాళీ పడింది. వచ్చే నెల్తో నాకు నలభై అయిదు నిండిపోతాయి. నిండితే ఇంక రానివ్వరు. ఈ మొన చూడండి, పెదవి కోసేస్తంది. గాలి పక్కకి పోతంది. సన్నాయి కాదు, ప్రెజరు కుక్కరు ఊదినట్టుంది."

"ఎన్నేళ్ళుగా వాయిస్తున్నారు?"

"పదేళ్ళప్పట్నుంచీ. పెళ్ళిళ్ళకి ఊదాను, శవాల ముందు ఊదాను, నాయకులు రిబ్బను కోస్తంటే ఊదాను. ఎక్కడా నా పాట ఎవడూ వినలేదమ్మా. దేవుడి ముందు కుదురుగా కూర్చుని ఒక్కసారైనా ఊదాలి. ఆయనైనా వింటాడని."

వకుళ ఆ విరిగిన మొన వంక ఇంకోసారి చూసింది. ఈ పన్ను ఊడకూడదు అనుకుంది. అనుకుని, ఎనిమిది నెలలుగా చెయ్యని పని చేసింది. ఆమ్లం పూసి, కడిగి, గాలి గొట్టం పక్కన పెట్టేసి, చిన్న దూది ఉండతో పంటిని సుతారంగా అద్దింది.

"ఆరబెట్టరేటమ్మా? మా ఊళ్ళో అందరికీ ఆరబెట్టారు గదా" అన్నాడు అప్పలనరసయ్య.

"అందుకే ఊడాయండి. పైపెంకు ఆరినా పరవాలేదు. లోపలి పంటి మీద ఆమ్లం పూసి కడిగితే సన్నటి పీచు బయటపడుతుంది. తడిగా ఉన్నంతసేపే అది విచ్చుకుని ఉంటుంది. ఎండగొట్టామా, కూలిపోయి అట్టకట్టేస్తుంది. జిగురు లోపలికి దిగడానికి సందుండదు, పైపైన కూర్చుంటుంది. అలాగని నీళ్ళు నిలిచినా పనికిరాదు. కాస్త మెరుపుండగా పూస్తే పీచులోకి దిగుతుంది. అప్పుడు నీలం దీపం వేస్తే గట్టిపడి, పీచూ జిగురూ ఒకటైపోతాయి."

"ఓస్, సన్నాయికి పెట్టే రెల్లు పీకలాగే! ఎండితే పలకదు. మరీ నానితే మూగదైపోద్ది. నోట్లో పెట్టి తడుపుకోవాలి."

"ఎంత తడి కావాలో మీకెలా తెలుస్తుంది?"

"నాలిక్కి తెలుస్తాదమ్మా."

"నాలిక్కి తెలుసు, ఫారానికి తెలీదు" అంది నర్సు ఎస్తేరు. ఇరవై ఏళ్ళుగా ఆ ఆసుపత్రిలో ఉన్న మనిషి, ఎవరినీ లెక్కచెయ్యదు.

ఇంతలో హెడ్ గుమాస్తా వచ్చాడు. నోట్లోకి తొంగి పన్ను చూశాడు. మెరుస్తోంది. ఫారం చూశాడు. నాలుగో అంశంలో ‘తడి’నీ కొట్టేసి, ‘పొడి’నీ కొట్టేసి, పక్కన ‘కొంచెం తడి’ అని వకుళ సొంత చేతివ్రాత! ఆయన పెన్ను జేబులోకి వెళ్ళిపోయింది. పని ఆగిపోయింది. అప్పలనరసయ్య నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉన్నాడు.

సూపరింటెండెంటు గుణాకరరావు మంచివాడు. ఎవరి మాటకీ అడ్డు చెప్పడు. అందుకే అక్కడ ఎవరి పనీ అవదు.

"అమ్మా వకుళా, తడి ఉంది, పొడి ఉంది. మధ్యలో ప్రభుత్వం ఏమీ పెట్టలేదు. ప్రభుత్వం పెట్టనిది నువ్వెలా పెడతావు?"

"నేను పెట్టలేదండి. పన్ను అలా ఉంటేనే అతుకుతుంది. మీకు తెలియనిదా?"

"తెలుసమ్మా. నేనూ డాక్టరీ చదివినవాణ్ణే. కానీ ఇప్పుడు సూపరింటెండెంటుని."

ఆయన జాలిపడి పైకి ఫోను చేశాడు. పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టు, నాణ్యతా పర్యవేక్షణ కమిటీ ఆ వారం జిల్లా అతిథిగృహంలోనే మకాం ఉంది. ఏం పర్యవేక్షించాలో తోచక చూస్తోంది. మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకల్లా జీపు దిగింది.

కమిటీకి అధ్యక్షులు పరంధామయ్య గారు. నీటిపారుదల శాఖలో ముప్పై ఆరేళ్ళు ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. తడి గురించి తనకు చెప్పగలవాడు జిల్లాలో లేడని ఆయన నమ్మకం. కుర్చీలో కూర్చుంటూనే మొదలెట్టారు.

"‘కొంచెం’ అను పదము కొలతకు లొంగని పదముగా ఈ కమిటీ భావించుచున్నది. కాలువలో కొంచెం నీరు వదిలితిమని రాసిన ఇంజనీరును నేను సస్పెండు చేసి ఉంటిని. ఎంత కొంచెం? శాతములో చెప్పవలెను."

"శాతంలో చెప్పలేమండి. కంటితో చూసి తెలుసుకోవాలి."

"కన్ను అనునది గుర్తింపు పొందిన పరికరము కాదు" అన్నారు పరంధామయ్య గారు. "లోకనాథం!"

లోకనాథం కమిటీలో రెండో సభ్యుడు. పౌరసరఫరాల శాఖలో ధాన్యం కొనుగోలు కేంద్రం చూస్తాడు. తేమ అన్న మాట ఎక్కడ వినబడినా అతన్ని పిలవడం ఆ జిల్లాలో ఆనవాయితీ. సంచీలోంచి తేమ మిషను తీసి బల్ల మీద పెట్టాడు. గిన్నెలో గుప్పెడు గింజలు పోసి మర బిగిస్తే అంకె పడుతుంది. పదిహేడు లోపు వస్తే రైతు బతికాడు. దాటితే ఆ ధాన్యాన్ని మళ్ళీ రోడ్డు మీద ఆరబోసుకోవాలి.

"ఒక్క పన్నయితే శాంపిలు చాలదండి" అన్నాడు లోకనాథం. "గుప్పెడు కావాలి."

అప్పలనరసయ్య రెండు చేతులతోనూ నోరు మూసుకున్నాడు.

ఎస్తేరు నిట్టూర్చి, పీకిన పళ్ళు వేసే డబ్బా తెచ్చింది. లోకనాథం గిన్నె నింపాడు. మిషను మీద పంట ఎంచుకునే మీట ఉంది. వరి, పెసలు, మినుములు, మొక్కజొన్న.

"పన్ను ఏ పంట కింద వస్తుందండి?"

అధ్యక్షులు డబ్బాలోంచి ఒక దవడపన్ను తీసి, వెలుతురుకి పెట్టి, అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఆకారమును బట్టి మొక్కజొన్న. నమోదు చేయుము."

తొమ్మిది శాతం వచ్చింది. అధ్యక్షుల మొహం వికసించింది. మన జిల్లా పళ్ళు ధాన్యం కంటే మేలైనవని మినిట్సులో రాయించారు.

"ఇవి ఎప్పుడో పీకి ఎండిపోయిన పళ్ళండీ!" అంది వకుళ. "ఈయనవి కావు కూడా!"

"రైతులూ అలాగే అంటారమ్మా, ఆ బస్తా నాది కాదని" అన్నాడు లోకనాథం, ఏమాత్రం కోపం లేకుండా.

అయినా న్యాయం కోసం అప్పలనరసయ్య చిగురు దగ్గర దూది అద్ది, ఆ దూదిని కూడా మిషనులో పెట్టారు. ముల్లు చివరిదాకా పోయి అక్కడ వణికింది. నలభై. ఆ పైన అంకెల్లేవు.

"పదిహేడు దాటినది" అన్నారు పరంధామయ్య గారు. "నిబంధన ఏమి చెప్పుచున్నది లోకనాథం?"

"సరుకుని ఎండలో ఆరబెట్టుకుని మళ్ళీ తేవాలండి."

తెచ్చారు. అంటే ఆరబెట్టారు. బుధవారం పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా అప్పలనరసయ్య ఆసుపత్రి వరండా ముందు బెంచీ మీద, తూర్పుకి తిరిగి, నోరు తెరుచుకుని కూర్చున్నాడు. గేటు బయట రోడ్డు పొడుగునా ధాన్యం ఆరబోసి ఉంది. ఆ ధాన్యం తాలూకు రైతు ఒకాయన కాళ్ళతో గింజలు తిరగేస్తూ తిరగేస్తూ బెంచీ దాకా వచ్చి ఆగాడు.

"నీదెంతొచ్చింది మావా?"

అప్పలనరసయ్య నోరు మూయకుండా నాలుగు వేళ్ళు చూపించి, తర్వాత పిడికిలి చూపించాడు.

"నలభయ్యా! నాది పంతొమ్మిదే. రెండంటే రెండు శాతానికి మూడు రోజుల్నుంచి తిప్పతన్నారు. నువ్వు ఈ వారంలో తెమల్లేవు" అని ఓదార్చి వెళ్ళాడు.

రెండు గంటలకల్లా అప్పలనరసయ్య పెదవులు ఎండి పగిలాయి. సన్నాయి వాయించేవాడికి పెదవులంటే ఏమిటో వేరే చెప్పాలా? పీక పెట్టుకుని చూస్తే రక్తం చిమ్మింది. అప్పటిదాకా నవ్వుతూ అన్నీ పడ్డ మనిషి, ఆ రక్తం చూసుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

"ఒగ్గేయండమ్మా. నా రాత ఇంతే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు, ఇక్కడ పూజారులు నలుగురున్నారు."

వకుళకి కోపం ముంచుకొచ్చింది. వాళ్ళ మీద కాదు, తన మీదే. అరవై ఒక్కసార్లు తెలిసి తెలిసి గాలి కొట్టిన చెయ్యి తనదే కదా! పెదవులకి వెన్న రాసి, "రేపు ఒంటిగంటకి రండి. ఎవరికీ చెప్పకండి" అంది.

గురువారం కమిటీకి భోజనం ఏర్పాటు చేసింది ఎస్తేరు. "ముళ్ళ చేప పులుసు చెప్పానమ్మా. ఒక్కో ముల్లూ ఏరుకుంటూ తినాలి, గంటన్నర పడుతుంది. హెడ్ గుమాస్తాకి కూడా ఆకు వేయించాను" అంటూ తలుపు గడియ పెట్టింది.

వకుళ మళ్ళీ మొదలుపెట్టింది. ఆమ్లం, పదిహేను సెకన్లు. కడుగు. దూది అద్దు. తడి ఉందా? ఉంది. నీళ్ళున్నాయా? లేవు. అది చాలు. సన్నటి కుంచెతో జిగురు పట్టించి, రుద్ది రుద్ది లోపలికి దింపింది. మెల్లగా ఒక్క ఊపు గాలి. నీలం దీపం వేసి ఇరవై లెక్కపెట్టింది. ఆ తర్వాత పంటి రంగు ముద్దని పొరలు పొరలుగా పెడుతూ, పొరకోసారి దీపం వేస్తూ, విరిగిన సగాన్ని తిరిగి నిలబెట్టింది. నున్నగా అరగదీసి అద్దం చేతికిచ్చింది. ఏది దేవుడిచ్చిన సగమో, ఏది వకుళ ఇచ్చిన సగమో అప్పలనరసయ్యకే తెలియలేదు.

తలుపు తీసేసరికి ఎదురుగా హెడ్ గుమాస్తా. ఆయన చేపలు తినడట.

అరగంటలో సూపరింటెండెంటు గదిలో విచారణ. పరంధామయ్య గారు వేళ్ళకి చేప వాసన పోక చేతులు దూరంగా పెట్టుకుని కూర్చున్నారు.

"తడి పంటికి జిగురు పూసితిరా?"

"పూశానండి."

"అయినచో అది ఊడవలెను. లోకనాథం, లాగుము."

పంటికి దారం కట్టారు. దారం రెండో కొసకి బస్తాలు తూచే కొక్కెం కాటా తగిలించారు. లోకనాథం లాగాడు. రెండు కిలోలు. మూడు. అప్పలనరసయ్య కుర్చీతో సహా ముందుకి జరిగాడు గాని పన్ను జరగలేదు. గుణాకరరావు వెనకనుంచి కుర్చీ పట్టుకున్నాడు. అయిదు కిలోల దగ్గర దారం తెగి లోకనాథం వెల్లకిలా పడ్డాడు. పన్ను చెక్కుచెదరలేదు.

వకుళకి ఆశ పుట్టింది. ఇంతకంటే రుజువేం కావాలి? పరంధామయ్య గారు గొంతు సవరించుకున్నారు.

"రాసుకొనుము. ఈ ఆసుపత్రియందు నిబంధన ప్రకారము అతికింపబడిన పళ్ళు అరవై ఒకటి. అవి ఊడినవి. ఊడుట పంటి సొంత విషయము, అతుకుటలో లోపము లేదు. నిబంధనకు విరుద్ధముగా అతికింపబడిన పన్ను ఒకటి. అది పరీక్షకు నిలబడి ఊడక, నిబంధనను ధిక్కరించుచున్నది. కావున సదరు పన్నును తక్షణము తొలగించి, పూర్తిగా ఆరబెట్టి, పద్ధతి ప్రకారము తిరిగి అతికింపవలెను."

"పద్ధతి ప్రకారం అతికిస్తే ఊడిపోతుందండీ!"

"ఊడనిమ్ము. పద్ధతిగా ఊడును."

అప్పుడు లేచాడు అప్పలనరసయ్య. నాలుగు రోజులుగా నోరు తెరవమన్నవాళ్ళే గాని మాట్లాడమన్నవాళ్ళు లేరతనికి. సంచీలోంచి సన్నాయి తీసి, పీక నోట్లో పెట్టి తడుపుకుని, ఆ గదిలోనే మోహన రాగం ఎత్తుకున్నాడు. పగిలిన పెదవి మంట పెడుతూనే ఉండుంటుంది. మొహంలో ఎక్కడా కనబడలేదు. ఓపీ దగ్గర చీటీలు పట్టుకున్న జనం కిటికీల్లోకి వచ్చారు. సెలైను సీసా పట్టుకుని ఒక ముసలమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. లోకనాథం కిందపడ్డవాడు లేవడం మర్చిపోయి అక్కడే కూర్చుని విన్నాడు. పరంధామయ్య గారి బొటనవేలు కాగితం మీద తాళం వేసింది.

పాట ఆగాక ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు.

"చక్కగా ఉన్నది. చాలా చక్కగా ఉన్నది. అయితే దీనిని ఏ కాలమ్‌లో రాయవలెనో ఫారములో చూపలేదు."

చాలాసేపు ఆలోచించి, తన జీవితంలో మొదటిసారి మెత్తబడ్డారు. సదరు పన్ను శుక్రవారం సాయంత్రం వరకు తాత్కాలికంగా నోటిలో ఉండుటకు అనుమతి. శనివారం తొలగించి, తొలగించినట్లు డాక్టరు ధ్రువీకరించి పంపాలి. అప్పలనరసయ్య ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టి, అలాగేనని మాటిచ్చాడు.

శుక్రవారం పదకొండుమంది వాయించారు. ఉద్యోగం అప్పలనరసయ్యకి వచ్చింది.

శనివారం పొద్దున్నే పులిహోర ప్రసాదంతో, దేవస్థానం కాగితంతో వచ్చాడు. ఎస్తేరుకి ఇచ్చాడు, వకుళకి ఇచ్చాడు. సోమవారం తెల్లవారుజామున మేలుకొలుపుకి చేరమన్నారని చెప్పాడు. చెప్పి, వెళ్ళి పళ్ళ కుర్చీలో కూర్చున్నాడు.

"తీసేయండమ్మా."

"ఏమిటండీ మీరనేది? తీస్తే సోమవారం ఎలా వాయిస్తారు?"

"మాటిచ్చాను. ఆ బాబు నన్ను నమ్మి ఒక్కరోజు ఇచ్చాడు. పైగా నా మూలాన మీ ఉజ్జోగానికి ముప్పొస్తే ఆ దేవుడి ముందు నేను కూర్చోలేను." నోరు తెరిచాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

వకుళ పనిముట్టు చేతిలోకి తీసుకుంది. చూసింది. కింద పెట్టింది. తొలగింపు ఫారం ముందుకి లాక్కుని ‘సదరు పన్ను తొలగించబడినది’ అని రాసి సంతకం పెట్టింది. ఆ ఫారంలో తడి, పొడి అన్న అంశమే లేదు. సాక్షి గడి కూడా లేదు. అతికించడానికే అవన్నీ గాని, తీసెయ్యడానికి ప్రభుత్వానికి ఏ అనుమానాలూ లేవు.

"అయిపోయిందండీ. నోరు మూసుకోండి."

అప్పలనరసయ్య నాలుకతో తడిమి చూసుకున్నాడు. పన్ను ఉంది. ఆమె వంక చూశాడు. వకుళ మొహం తిప్పుకుంది. ఎనిమిది నెలల్లో ఆమె రాసిన మొదటి అబద్ధం అది. అరవై ఒక్కసార్లు నిజమే రాసింది, అరవై ఒక్కమందిని పాడుచేసింది.

పదిరోజులకి పైనుంచి కాగితం వచ్చింది. గుణాకరరావు స్వయంగా తెచ్చి, కళ్ళనీళ్ళతో చదివి వినిపించాడు. ‘నేరెళ్ళవలస ఆసుపత్రి దంత విభాగము పంపిన నివేదిక యథార్థముగాను, నిబంధనలకు పూర్తిగా లోబడియు ఉన్నందున డాక్టరు వకుళ గారిని కమిటీ అభినందించుచున్నది. ఇకమీదట ఇట్టి నిజాయితీనే ఆశించుచున్నది.’

ఆయన వెళ్ళాక వకుళ ఆ కాగితం మడిచి సొరుగులో పెట్టింది. తర్వాత ఎస్తేరుని పిలిచింది.

"బయట ఎంతమంది ఉన్నారు?"

"ఆరుగురమ్మా. అందరివీ అతకాల్సినవే."

"ఆరుగురికీ తొలగించినట్టు ఫారాలు రాసుకురా, సంతకం పెడతాను" అంది వకుళ, దూది ఉండలు చేసుకుంటూ. "పెట్టాక ఒక్కొక్కరినీ లోపలికి పంపు."